ఒకే హెడర్ ఫైలు: అడ్మిన్ పేజీలో పనిచేస్తోంది, హోమ్ పేజీలో ఎర్రర్

ప్రశ్న:
పిహెచ్‌పి 8.2. లోకల్‌లో (నా కంప్యూటర్లో) విండోస్, లైవ్‌లో (సర్వర్‌లో) లినక్స్. రూట్‌లో (సైట్ మొత్తానికి పై ఫోల్డర్) ఇండెక్స్.పిహెచ్‌పి, కాన్ఫిగ్.పిహెచ్‌పి ఉన్నాయి. అడ్మిన్ ఫోల్డర్లో ఇంకో ఇండెక్స్.పిహెచ్‌పి, ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లో హెడర్.పిహెచ్‌పి. హెడర్‌లో ఈ లైను:

ఇన్‌క్లూడ్ '../కాన్ఫిగ్.పిహెచ్‌పి';

అడ్మిన్ పేజీ బాగానే తెరుచుకుంటోంది. హోమ్ పేజీలో "ఫెయిల్డ్ టు ఓపెన్ స్ట్రీమ్" వార్నింగ్. రెండూ పిలిచేది ఆ హెడర్‌నే కదా, తేడా ఎక్కడ?

జవాబు 1:
../ తో మొదలయ్యే పాత్‌ని (ఫైలు ఎక్కడుందో చెప్పే దారి) పిహెచ్‌పి హెడర్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కపెట్టదండీ, వర్కింగ్ డైరెక్టరీ నుంచి లెక్కపెడుతుంది. బ్రౌజర్ రిక్వెస్ట్‌లో అది మామూలుగా మొదట రన్ అయిన ఫైలు ఉన్న ఫోల్డరే. అడ్మిన్ నుంచి ఒక మెట్టు పైకెళ్తే రూట్, అక్కడ కాన్ఫిగ్ దొరికింది. రూట్ నుంచి ఒక మెట్టు పైకెళ్తే సైటే దాటిపోయారు. అడ్మిన్‌లో పనిచేసింది కాకతాళీయంగానే. ఇలా మార్చండి:

రిక్వైర్_వన్స్ __డిఐఆర్__ . '/../కాన్ఫిగ్.పిహెచ్‌పి';

__డిఐఆర్__ ఆ లైను ఏ ఫైల్లో ఉందో ఆ ఫోల్డర్‌నే ఇస్తుంది, ఎవరు పిలిచినా మారదు. దాని చివర స్లాష్ రాదు కాబట్టి కోట్స్‌లో మొదటి స్లాష్ మర్చిపోవద్దు. కాన్ఫిగ్‌కి ఇన్‌క్లూడ్ అసలు వద్దు. వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్లిపోతుంది, తర్వాతెక్కడో డేటాబేస్ ఎర్రర్ వస్తే మీరు అక్కడ వెతుకుతూ కూర్చుంటారు. రిక్వైర్ అయితే అక్కడే ఆపేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
హోమ్ పేజీ వచ్చింది, థ్యాంక్సండీ. లైవ్‌లో ఫంక్షన్స్ ఫైలుకి మాత్రం అదే ఎర్రర్, లోకల్‌లో లేదు. క్రాన్ స్క్రిప్టూ (సర్వర్ పెట్టిన టైముకి తనంతట తానే నడిపేది) ఆగిపోతోంది, అందులో డాక్యుమెంట్_రూట్ (వెబ్ సర్వర్ ఇచ్చే సైట్ ఫోల్డర్ పాత్) వాడాను.

జవాబు 2:
ఫైలు పేరులో పెద్ద ఎఫ్, కోడ్‌లో చిన్న ఎఫ్ ఉన్నాయేమో చూడండి. విండోస్ పట్టించుకోదు, లినక్స్‌కి అవి రెండు వేరే పేర్లు. సర్వర్‌లో ఎల్ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) కొట్టి అక్షరం అక్షరం పోల్చండి. గిట్ (కోడ్ మార్పుల్ని నమోదు చేసే టూల్) వాడుతూ పేరు మార్చాల్సొస్తే గిట్ ఎంవి కమాండ్‌తోనే మార్చండి. విండోస్‌లో ఊరికే రీనేమ్ చేస్తే గిట్ చాలాసార్లు ఆ మార్పుని గుర్తించదు.

క్రాన్‌లో వెబ్ సర్వర్ ఉండదు, డాక్యుమెంట్_రూట్ ఖాళీ. ఖాళీకి '/ఇన్‌క్లూడ్స్' తగిలిస్తే డిస్క్ రూట్‌లో వెతుకుతుంది. అక్కడా __డిఐఆర్__ పెట్టండి.

జవాబు 3:
ఎర్రర్ లైను చివరిదాకా చదవండి. "నో సచ్ ఫైల్" అని ఉంటే పాత్ చూడాలి. "పర్మిషన్ డినైడ్" అయితే ఫైలుకి 644 (అందరూ చదవొచ్చు, ఓనరే రాయొచ్చు) ఉన్నా, పైన ఏదో ఫోల్డర్‌కి ఎక్స్ పర్మిషన్ (లోపలికి వెళ్లే అనుమతి) లేకపోవచ్చు. నేమ్‌ఐ -ఎల్ కమాండ్‌కి పూర్తి పాత్ ఇస్తే దారిలో ప్రతి ఫోల్డర్ పర్మిషన్ వరసగా చూపిస్తుంది. దయచేసి 777 (అందరికీ అన్ని అనుమతులూ) పెట్టకండి, మామూలుగా ఫోల్డర్లకి 755 సరిపోతుంది.