ఎలుకలు సాకరిన్ నీళ్లు తాగాయంటే అర్థం ఏమిటి? సెమినార్ సందేహం

ప్రశ్న (ఎమ్మెస్సీ జంతుశాస్త్రం విద్యార్థిని, హన్మకొండ):

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే వారం నేను వికిరణం, నిబంధిత రుచి విముఖతల (జబ్బుతో ముడిపడిన రుచిని ఆ తరువాత దూరం పెట్టడం) గురించి సెమినార్‌లో మాట్లాడవలసి ఉంది. సాకరిన్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిపిన నీళ్లు తాగిన ఎలుకకు వికిరణం తగిలితే అది మళ్లీ ఆ నీళ్ల జోలికి పోదని పాఠ్యపుస్తకంలో ఉంది. కానీ నేను చదివిన ఒక ప్రయోగంలో ఐరన్-56 కణాల (వేగంగా దూసుకుపోయే బరువైన ఇనుప కణాలు) వికిరణం పొందిన ఎలుకలు, సాకరిన్ తరువాత యాంఫెటమైన్ అనే ఉత్తేజక మందు ఇచ్చినా, ఆ నీళ్లను తాగుతూనే ఉన్నాయి. "వికిరణం వల్ల విముఖత కలగలేదు" అని రాసుకుంటే మా సార్ ఆ వాక్యాన్ని కొట్టేసి, మళ్లీ చదవమన్నారు. ఎలుకల వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలన్నారు. నేను ఎక్కడ పొరబడ్డానో దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, కాజీపేట):

మీ సార్ కొట్టేయడం సబబే. మీరు చదివినవి రెండు వేరు వేరు ప్రయోగాలు. పాఠ్యపుస్తకంలోని దానిలో ఎలుకకు విముఖత కలిగించింది వికిరణమే. రెండవ దానిలో ఆ పని యాంఫెటమైన్‌ది. అక్కడ వికిరణం, సాకరిన్‌కు మందును జతచేసే శిక్షణకు ముందే మెదడుకు తగిలిన దెబ్బ.

1955లో జాన్ గార్సియా, కిమెల్డార్ఫ్, కోలింగ్ ఎలుకలు సాకరిన్ నీళ్లు తాగుతున్న సమయంలో వాటిని స్వల్ప మోతాదులో గామా కిరణాలకు గురిచేసి, ఆ తరువాత అవి ఆ రుచిని వదిలేయడం చూపారు. జబ్బు చేసిన గది మీదకు పోని అనుమానం నాలుకకు తగిలిన రుచి మీదకు పోవడమే ఇందులోని విశేషం. మా చెల్లెలు ఒకసారి మేడారం జాతరకు పోతూ సర్వపిండి తిని, తాడ్వాయి అడవి దాటకముందే బస్సులో వాంతి చేసుకుంది. బస్సు కుదుపులే కారణమని ఆమెకూ తెలుసు, అయినా ఇప్పటికీ గిన్నెకు అద్దిన పిండి మీద నువ్వులు వేగే వాసన వస్తే వంటింట్లోంచి లేచి పోతుంది. ఎలుకకు వాంతి రాదు, కానీ తప్పు మాత్రం ఇలాగే రుచి మీద వేస్తుంది.

ఈ వికారపు కబురు మెదడుకు చేరేది ఏరియా పోస్ట్రీమా అనే మెదడు భాగం ద్వారా. నాలుగవ జఠరిక (మెదడులో ద్రవం నిండిన గది) అడుగున ఉండే ఈ చిన్న భాగంలో రక్తానికీ మెదడుకూ నడుమ ఉండే అడ్డు పలుచన కాబట్టి, రక్తంలోని విషాలను అది పసిగట్టగలదు. దానిని తొలగిస్తే వికిరణం వల్ల, లిథియం క్లోరైడ్ అనే, వికారం పుట్టించే లవణం వల్ల కలిగే విముఖతలు రెండూ పోతాయి, యాంఫెటమైన్ వల్ల కలిగేది మాత్రం పోదు, ఎందుకంటే అది మెదడు కణాల మధ్య కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం మీద ఆధారపడి నడుస్తుంది. ఐరన్-56 వంటి బరువైన కణాలు దెబ్బ తీసేది ఈ డోపమైన్ వ్యవస్థనే. మీ ఎలుకలు సాకరిన్‌ను మామూలుగా తాగడానికి కారణం అదే.

ఇక వయసు సంగతి. వికిరణం లేకపోయినా వయసుతో పాటు మెదడులో డోపమైన్ గ్రాహకాలు (డోపమైన్‌ను అందుకునే భాగాలు) తగ్గుతూ వస్తాయి. అందుచేత ముసలి ఎలుకలకు వికిరణమిచ్చి, లేత ఎలుకలతో పోల్చి చూస్తే, ముసలితనం చేసిన నష్టాన్ని కూడా వికిరణం ఖాతాలో రాసినట్టవుతుంది. అదే వయసుదై, వికిరణమిచ్చేటప్పుడు ఎలుకను కదలకుండా ఉంచే అదే గొట్టంలో అంతసేపే కూర్చుని, కిరణాలు మాత్రం తగలని గుంపు తప్పనిసరి. పైగా ముసలి ఎలుక ముందు నుంచే ఎక్కువో తక్కువో తాగుతుండవచ్చు కనుక, పరీక్ష రోజున తాగిన మిల్లీలీటర్లను కాకుండా, శిక్షణ రోజున అదే ఎలుక తాగిన పరిమాణంలో ఆ పరీక్ష రోజు మొత్తం ఎన్నో వంతో చూడాలి.

ప్రశ్న (అదే విద్యార్థిని):

ధన్యవాదాలు సార్. అయితే ఆ ఎలుకలకు సాకరిన్ రుచే తెలియకుండా పోయిందనో, జ్ఞాపకమే పాడైందనో ఎవరైనా అడిగితే ఏమి చెప్పాలి?

జవాబు:

ఆ ప్రశ్న తప్పక వస్తుంది. ఐరన్-56 తగిలిన ఎలుకలు లిథియం క్లోరైడ్‌తో విముఖతను చక్కగానే నేర్చుకుంటాయి. రుచి తెలియకపోయినా, గుర్తుండకపోయినా అది సాధ్యం కాదు. కాబట్టి యాంఫెటమైన్ పటం పక్కనే లిథియం పటాన్ని కూడా పెట్టండి. కొట్టేసిన వాక్యం చోట, "యాంఫెటమైన్ కలిగించే విముఖతను ఈ ఎలుకలు వికిరణం వల్ల నేర్చుకోలేకపోయాయి" అని రాసుకోండి.