‘జనాభా తగ్గుతోంది’ అని ఎప్పుడు రాయాలి?

జనాభా వార్తల్లో "జననాల రేటు పడిపోయింది, జనాభా తగ్గుతోంది" అని ఒకే ఊపులో రాసేస్తున్నారు. ఈ రెండూ ఒకటేనా? భూగోళశాస్త్రం చదివినవాళ్ళు చెప్పండి.

జవాబు: ఒకటి కాదండీ. తగ్గేది ఏమిటో చెప్పకుండా "తగ్గుతోంది" అంటే చదివేవాళ్ళు మనుషులే తగ్గిపోతున్నారనుకుంటారు. 1960లలో ప్రపంచ జనాభా ఏటా 2 శాతం పైగా పెరిగేది, ఇప్పుడు 1 శాతం లోపే. కానీ లెక్క వేసి చూడండి, అప్పటి 300 కోట్ల మీద 2 శాతం అంటే 6 కోట్లు, ఇప్పటి 800 కోట్ల మీద 0.9 శాతం వేసుకున్నా 7 కోట్ల పైమాటే. పెరుగుదల రేటు సగానికి పైగా పడిపోయినా ఏటా కొత్తగా చేరేవాళ్ళు అప్పటికంటే తక్కువేమీ కాదు. ఇక్కడ రాయాల్సింది "పెరుగుదల మందగించింది" అని.

స్త్రీకి సగటున 2.1 మంది కంటే (ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం భర్తీ చేయడానికి కావాల్సినంత) తక్కువ పిల్లలు పుడితే వెంటనే జనాభా పడిపోతుందనుకోవడమూ తప్పే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భారత్‌కు ఆ సగటు 2.0 వచ్చింది, అయినా జనాభా పెరుగుతూనే ఉంది, ఎందుకంటే వెనకటి తరాల్లో ఎక్కువమంది పుట్టారు, వాళ్ళిప్పుడు పిల్లల్ని కనే వయసులో ఉన్నారు, ఇంటికి ఒకరిద్దరే అయినా అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి.

ప్రశ్న: మరి జననాల కంటే మరణాలు ఎక్కువైతే? అప్పుడైనా తగ్గుతోంది అనొచ్చా?

జవాబు: వలసల లెక్క చూడకుండా అనకూడదు. జర్మనీలో 1972 నుంచి ఏటా పుట్టేవాళ్ళ కంటే చనిపోయేవాళ్ళే ఎక్కువ. అయినా అప్పుడు రెండు జర్మనీలూ కలిపి 7.9 కోట్ల దాకా ఉన్న జనం ఇప్పుడు 8.3 కోట్లు దాటారు, బయటి నుంచి వచ్చినవాళ్ళ వల్ల. జపాన్‌లోనూ మరణాలే ఎక్కువ, అయితే వచ్చేవాళ్ళు ఆ లోటు పూడ్చేంతమంది లేరు, అందుకే పదేళ్ళకు పైగా అక్కడ జనాభా నిజంగానే తగ్గుతోంది. ఆ మాట జపాన్‌కు సరిపోతుంది, జర్మనీకి సరిపోదు.

మరొకరు: "వలసలు పెరిగాయి" అని రాసి వదిలేయడం కూడా మానాలి. వలస వచ్చారా, వలస పోయారా? మన క్రియలే ఆ తేడా చక్కగా చెప్తాయి, ఆగమన, నిర్గమన అంటూ బరువు పదాలు అక్కర్లేదు. వచ్చినవాళ్ళలోంచి పోయినవాళ్ళను తీసేస్తే మిగిలేది నికర వలస. లక్షమంది వచ్చి 90 వేలమంది పోతే జనాభా లెక్కలో కనిపించేది 10 వేలే, ఇల్లు మారినవాళ్ళు మాత్రం 1.9 లక్షలు. నికర అన్న మాట వదిలేస్తే ఇంత తేడా వస్తుంది.

ఇంకో పొరపాటు నాకు మరీ బాధగా ఉంటుంది. యుద్ధానికి ఇల్లు వదిలి సొంత దేశంలోనే ఇంకోచోట తలదాచుకున్నవాళ్ళను శరణార్థులు అని రాసేస్తారు. 1951 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆ హోదా దేశం దాటినవాళ్ళకే. దాటలేనివాళ్ళ రక్షణ సొంత ప్రభుత్వం బాధ్యతే, ఒక్కోసారి వాళ్ళను తరిమిందీ ఆ ప్రభుత్వమే. శరణార్థులు అని రాస్తే వాళ్ళకు లేని రక్షణ ఉన్నట్టు అనిపిస్తుంది. "దేశంలోనే నిర్వాసితులైనవారు" అనండి, కాస్త పొడుగైనా ఫర్వాలేదు.