శతవర్ష యుద్ధం, ఇద్దరు పోప్‌ల గొడవ: క్లాసులో కలిపి చెప్పడం ఎలా?

చరిత్ర_మేడమ్
డిగ్రీ పిల్లలకు మధ్యయుగం చివరి యూరప్ చెబుతున్నాను. ఒక యూనిట్‌లో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య శతవర్ష యుద్ధం (1337–1453), ఇంకో యూనిట్‌లో చర్చి చీలిక (1378–1417). క్రెసీ, పొయిటియర్స్, అజిన్‌కోర్ట్ అని గడగడా అప్పజెప్పేస్తారు. "ఒకేసారి ఇద్దరు పోప్‌లుంటే రాజులు ఎలా ఊరుకున్నారు మేడమ్?" అని అడిగితే మాత్రం నేను చెప్పేది యుద్ధం పాఠంతో అతకడం లేదు. ఉన్నవి నాలుగైదు క్లాసులే. ఏది తగ్గించమంటారు?

పాతపటం
యుద్ధాల లిస్టు తగ్గించేయండి. రాజులు ఊరుకోలేదండీ, ఎవరికి పనికొచ్చే పోప్‌ని వాళ్ళు పట్టుకున్నారు, అంతే. 1309 నుంచి పోప్‌లు రోమ్‌లో కాకుండా ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఉన్నారు, అందరూ ఫ్రెంచ్‌వాళ్ళే. 1377లో పోప్ పదకొండో గ్రెగరీ రోమ్‌కి తిరిగొచ్చి మరుసటి ఏడాదే చనిపోయాడు. మాకు రోమ్‌వాడే కావాలి, కనీసం ఇటలీవాడన్నా కావాలి అని బయట జనం అరుస్తుంటే కార్డినల్స్ (పోప్‌ని ఎన్నుకునే పెద్ద మతాధికారులు) ఆరో అర్బన్‌ని ఎన్నుకున్నారు, ఆయన నోటిదురుసు భరించలేక కొన్ని నెలలకే ఆ ఎన్నిక భయంతో చేసింది, చెల్లదు అని ఏడో క్లెమెంట్‌ని ఎన్నుకున్నారు, ఈయన మళ్ళీ అవిన్యోన్‌లో కూర్చున్నాడు. ఫ్రాన్స్ క్లెమెంట్ వైపు వెళ్ళింది కాబట్టి ఇంగ్లండ్ అర్బన్ వైపు, ఇంగ్లండ్‌కి పడదు కాబట్టి స్కాట్లండ్ మళ్ళీ క్లెమెంట్ వైపు. ఇది బోర్డు మీద మ్యాప్ గీసి రెండు రంగుల చాక్‌పీసులతో చూపిస్తే యుద్ధంలో ఎవరు ఎటో కూడా అక్కడే కనిపిస్తుంది.

రెండోబెంచి
మ్యాప్ బాగుంది కానీ పిల్లలకు మనిషి కావాలి. ఇంగ్లిషువాళ్ళ మీద ఫ్రాన్స్ తరఫున పోరాడిన పల్లెటూరి పిల్ల జోన్ ఆఫ్ ఆర్క్‌ని పెట్టుకోండి. 1429లో అర్మానాక్ కౌంట్ (దక్షిణ ఫ్రాన్స్ ప్రభువు) ఆమెకే ఉత్తరం రాశాడు, ముగ్గురు పోప్‌లమని చెప్పుకుంటున్నారు, ఎవరి మాట వినమంటావు అని! చీలిక 1417లోనే ముగిసిందని పుస్తకంలో చదివినవాళ్ళకి ఇది చూపించాలి, అవిన్యోన్ వర్గం తోక ఇంకా మిగిలే ఉంది మరి. జోన్ ఏమో ఇప్పుడు తీరిక లేదు, పారిస్‌లో కుదురుకున్నాక చెబుతా అన్నట్టు జవాబిచ్చింది. తర్వాత ఆమె మీద మతద్రోహం విచారణలో దాన్నీ బయటికి తీశారు. ఆ విచారణ జరిపింది చర్చి కోర్టు, నడిపించిన బిషప్ కోషాన్ ఇంగ్లిషువాళ్ళ మనిషి. 1431లో ఇంగ్లిషువాళ్ళ చేతిలో ఉన్న రూఆన్‌లో ఆమెని కాల్చేశారు. ఆ ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చాక, 1456లో, పోప్ అనుమతితో కూర్చున్న ఇంకో చర్చి కోర్టు ఆ తీర్పు చెల్లదంది. ఫ్రాన్స్ రాజు ఏడో చార్లెస్‌కి అది అవసరం కూడా, తన పట్టాభిషేకం జరిపించిన పిల్ల మతద్రోహి అంటే కిరీటానికే మచ్చ కదా.

చరిత్ర_మేడమ్
కౌంట్ ఉత్తరం భలే ఉందండీ. కానీ పరీక్షలో "శతవర్ష యుద్ధానికి కారణాలు" అనే అడుగుతారు, అదే టెన్షన్.

పాతపటం
కారణాలు ఒక్క క్లాసులో అయిపోతాయి, ఫ్రెంచ్ సింహాసనం మీద ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ హక్కు, ఫ్రాన్స్‌లో ఇంగ్లండ్ రాజుల చేతిలో ఉన్న గాస్కనీ, ఫ్లాండర్స్ ఉన్ని వ్యాపారం. అవి నోట్స్ ఇచ్చేయండి. 1415 మాత్రం వదలకండి, జులైలో కాన్‌స్టన్స్ చర్చి సభ చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ని కాల్పించింది, అక్టోబర్‌లో అజిన్‌కోర్ట్. ఆ సభే తర్వాత ఐదో మార్టిన్‌ని పోప్‌గా ఎన్నుకుని చీలికను ముగించింది.

రెండోబెంచి
హుస్ సిలబస్‌లో లేకపోతే అది అసైన్‌మెంట్‌గా ఇవ్వండి మేడమ్. బండ్లను గొలుసులతో కట్టి కోటలా నిలబెట్టి, రైతులతో నైట్లను (గుర్రాల మీది కవచధారి యోధులను) ఓడించిన హుస్ అనుచరుల సేనాని యాన్ జిజ్కా గురించి వెనక బెంచీవాళ్ళు కూడా రాస్తారు.