సానా, మెరుగా? కారు పాలిష్ ముద్దకు తగిన తెలుగు మాట

కార్ల రంగు మీద పడిన సన్నని గీతలను పోగొట్టే పాలిషింగ్ కాంపౌండ్‌ను తెలుగులో ఏమనాలని మన సమూహంలో ఒక సభ్యులు అడిగితే, ‘మెరుగుముద్ద’ అనవచ్చునని ఎక్కువమంది సూచించారు. మాట వినసొంపుగానే ఉంది గాని, అది ఆ వస్తువు చేసే పనికి ఎదురు అర్థాన్ని ఇస్తోందని నాకు తోస్తోంది. నా కారుకు నేనే ఈ పని చేసుకుంటూ వస్తున్నవాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈనాటి వాడుకలో మెరుగు అంటే ఉన్నదానికన్నా బాగుపడటం, ఏదో అదనంగా చేరడం. కాంపౌండ్ దేనినీ చేర్చదు, తీసివేస్తుంది. కారు రేకు మీద ప్రైమరు, దానిపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఆ పైపొర మందం చాలా కార్లలో సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే దాదాపుగా తలవెంట్రుక కన్నా పలచన. రాత్రిపూట మొబైల్ టార్చి వేసి చూస్తే వెలుగు చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలన్నీ ఆ పొరలో పడిన గాళ్లే. వాటి అంచుల మీద వెలుతురు చెదరడం వల్ల అవి మన కంటికి తెలుస్తాయి. కాంపౌండ్‌తో రుద్దినప్పుడు గాడి పూడదు, గాడి అడుగు దాకా చుట్టూ ఉన్న పొర అరిగి సమమవుతుంది. గోరు ఆనించి లాగితే గోటికి తగులుకునేంత లోతైన గీతను ఈ పద్ధతిలో పూర్తిగా పోగొట్టబోవడం ప్రమాదం, ఎందుకంటే అంత లోతుకు దిగేసరికి పైపొర మిగలకపోవచ్చు.

అరగదీసి అందం తెచ్చే ఈ పనికి మనకు ‘సాన’ అనే మాట ఉండనే ఉంది. సంస్కృతంలోని శాణం నుంచి వచ్చిన ఈ మాట కత్తికీ, రత్నానికీ, గంధపుచెక్కకూ కూడా సరిపోయింది. సానరాయి మీద గంధం తీసినా, వీధిలో చక్రం తొక్కుతూ కత్తెరలకు సానపట్టినా జరిగేది అరుగుదలే. భర్తృహరి నీతిశతకంలో సానపట్టిన మణిని తన సన్నదనం వల్లనే శోభించేవాటిలో మొదటగా చెప్పడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ శోభ మణి అరిగి తగ్గడం వల్ల వచ్చినదేనన్న సూక్ష్మం కారు పైపొరకు అక్షరాలా వర్తిస్తుంది.

ఇంకొక సంగతి నాకు మరీ ఇష్టమైనది. చాలా కాంపౌండ్లలో రాపిడి చేసే రేణువు అల్యూమినియం ఆక్సైడ్. ఖనిజరూపంలో దాన్నే ఇంగ్లీషులో కొరండం అంటారు. ఆ ఇంగ్లీషు మాట తమిళ కురుందం నుంచి వెళ్లింది, కురుందానికి సంస్కృత కురువిందం చుట్టం. కెంపు, నీలం రెండూ ఈ ఖనిజపు రంగురూపాలే. మోస్ కాఠిన్య మానంలో వజ్రం 10 అయితే ఇది 9. కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రంగా చేసి రత్నాలకు సానపట్టడం మన దేశంలో పాతకాలపు పద్ధతి. రాపిడి పొడి ఒకటి, దాన్ని పట్టి ఉంచే పదార్థం ఒకటి: ఈనాటి సీసాలోని ముద్ద నిర్మాణం కూడా అదే, కాకపోతే లక్క స్థానంలో నూనెలూ నీళ్లూ ఉంటాయి. అందువల్ల కాంపౌండ్‌ను ‘సానముద్ద’ అనడం కొత్త కల్పన కాదు, పాత పనికి పాత పేరు పెట్టడమే అవుతుంది.

పేరు సరిగా ఉంటే ఎంపిక కూడా సరిగా ఉంటుందని నా నమ్మకం. మెరుగు అనుకున్నవాడు ఎంత ఎక్కువ రుద్దితే అంత మంచిదనుకుంటాడు. సాన అనుకున్నవాడు ఎంత తక్కువతో పని జరుగుతుందో వెతుకుతాడు. మొదట కారు కడిగి, క్లే బార్ అనే బంకమట్టిలాంటి మెత్తని ముద్దతో అంటుకున్న మడ్డి తీసి, రెండడుగుల చదరం మేర అన్నిటికన్నా నెమ్మదైన ముద్దనూ, దాన్ని రుద్దే బిళ్లల్లో, అంటే ప్యాడ్లలో, మెత్తని నురుగు ప్యాడ్‌నూ వాడి చూడాలి. గీతలు పోకపోతే అప్పుడే గట్టి ప్యాడ్‌కు, ఆ తరువాతే గరుకైన ముద్దకు వెళ్లాలి. ఒకే ముద్ద ఉన్ని ప్యాడ్ మీద తీవ్రంగానూ మెత్తని నురుగు మీద సాధువుగానూ పనిచేస్తుంది కనుక సీసా మీది పేరు సగం సంగతే చెబుతుంది. రుద్దిన చోటును ఐసోప్రోపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచి చూడటం తప్పనిసరి, లేకపోతే ముద్దలోని నూనె గీతలను కప్పిపెట్టి, రెండు కడుగుళ్ల తరువాత మళ్లీ బయటపెడుతుంది. బానెట్టు అంచుల దగ్గర పొర పలచగా ఉంటుంది. మా నాన్నగారి పాత కారును ఒక దుకాణంలో ఇస్తే ఆ అంచు మీదనే యంత్రం నిలిపి రుద్దారు, అరచేతి వెడల్పున పైపొర పోయి మసకబారిన రంగు బయటపడింది. ఆ మచ్చ కారు అమ్మేదాకా అలాగే ఉంది.

ఒక సభ్యురాలి వ్యాఖ్య: అయ్యా, మాది బంగారుపని చేసే కుటుంబం. మా ఇంట్లో నగకు మెరుగు పెట్టడమంటే అందులో కొంత బంగారం పోవడమే, అందుకే మెరుగు వెంట తరుగు లెక్క కూడా ఉంటుంది. మెరుగులో పోవడం లేదని మీరు అనడం మా వృత్తిభాషకు సరిపడదు.

నా జవాబు: అమ్మా, మీరు చెప్పినది నిజం, నేను ఈనాటి సామాన్యార్థాన్నే చూశాను. మెఱుగు అనే మాటకు కాంతి, మెరుపు అనే అర్థాలు పూర్వం నుంచీ ఉన్నాయి. కంసాలి చేతిలో అది తరుగుతో కలిసిన కాంతి. మీ మాట చదివాక నా సూచనను మార్చుకుంటున్నాను. గీతలను కోసే మొదటి దశ ముద్దను సానముద్ద అనీ, ఆ ముద్ద వదిలిన పొగలాంటి మసకను తీసి అద్దంలా చేసే సన్నని రెండో ముద్దను మెరుగుముద్ద అనీ పిలుద్దాం. చివర పూసే కార్నోబా వంటిది బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే మైనం కనుక దాన్ని మైనంపూత అనడమే మేలు. అది గీతలను తీయదు, కాపాడుతుంది అంతే.

ప్యాడ్‌కు మాత్రం నాకు తృప్తికరమైన మాట దొరకలేదు. నురుగుబిళ్ల, ఉన్నిబిళ్ల అని రాసుకుంటున్నాను గాని, నగలకు మెరుగు పెట్టేటప్పుడు రుద్దే మెత్తని సాధనాన్ని మీ ఇంట్లో ఏమంటారో దయచేసి చెప్పగలరా?