సమస్య: "చేయి లేని చెట్టు చేయి చాపె"

నిర్వాహకుడు (నెల్లూరు): ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీవి. చెట్టుకి చేయి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించాలి. కలలో వచ్చిందనో, మంత్రంతో వచ్చిందనో తప్పించుకోవద్దు. మొక్కల్లో, జంతువుల్లో హస్తం పేరుతో పిలిచేవి బోలెడున్నాయి, అక్కడ వెతకండి.

కందుకూరు:
గట్టు మీద నెదిగి గంధర్వహస్తమై
ఏడు వేళ్ల యాకు నెత్తి పట్టి
ఎండ నలసినట్టి యెద్దుకు నీడగా
చేయి లేని చెట్టు చేయి చాపె

నిర్వాహకుడు: మొదటి పాదం చదివి లేచి కూర్చున్నాను. ఆయుర్వేదంలో ఆముదానికి గంధర్వహస్తమని పేరు, పంచాంగులమనీ అంటారు. ఆకుని చూసి పెట్టిన పేర్లే రెండూ. యతులన్నీ కుదిరాయి. మూడో పాదమే నాకు నచ్చలేదు. ఆముదపు చెట్టు నీడ ఎద్దుకి సరిపోతుందా? ఏ చెట్టూ లేని చోట అదే మహావృక్షమని సామెత ఉంది, నిజమే. అయినా "యెద్దుకు" తీసి "యెలుకకు" పెట్టండి. గణమూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది, నీడా నిజమవుతుంది.

అద్దంకి: పంచాంగులమంటే ఐదు వేళ్లు కదన్నా, ఏడెందుకు రాశారు?

కందుకూరు: లెక్కపెట్టే రాశాను తమ్ముడూ. మా గట్టు మీద ఒక్కో ఆకుకి ఏడున్నాయి, కొన్నిటికి తొమ్మిది. ఒక ఆకు కోసి తిరగేసి చూశాను. కాడ ఆకు అంచున కాకుండా కాస్త లోపలికి అతుక్కుని ఉంది. ఈనెలన్నీ ఆ ఒక్క చోటి నుంచే బయల్దేరి వేలికొకటి చొప్పున కొసదాకా పోయాయి. మణికట్టు దగ్గర నుంచి ఎముకలు పోయినట్టే అనిపించింది.

నిర్వాహకుడు: ఈ మాట పద్యం కన్నా బాగుంది! హస్తాకార పత్రమంటే ఇదే. ఆముదంలో, బొప్పాయిలో ఆకు ఒక్కటే, అంచులు చీలి ఉంటాయి. వావిలి, బూరుగుల్లో వేళ్లు విడివిడిగా చిన్న ఆకులైపోతాయి. దాన్ని వేరే పద్యానికి ఉంచుకోండి.

కోవూరు:
పెరటి యరటి వంగి పేరంట మప్పుడు
అమ్మ యడుగ నొక్క యత్త మిచ్చె
పండ్లు వేళ్లు గాగ పసుపు వన్నెలతోడ
చేయి లేని చెట్టు చేయి చాపె

నిర్వాహకుడు: అమ్మా, ఈ పద్యం మా ఆవిడకి చదివి వినిపించాను. గెలలో ఒక వరసని మనం అత్తం అంటాం, అది హస్తమే. రోజూ నోట్లో ఆడే మాటలోంచి చేయిని బయటికి తీశారు. ఇంగ్లీషు వాళ్లూ ఆ వరసని చేయి అనీ, ఒక్కో కాయని వేలు అనీ అంటారు.

అద్దంకి: అరటి చెట్టే కాదు కదా, ఆ బోదె అంతా ఆకుల తొడుగులే.

నిర్వాహకుడు: శాస్త్రం ప్రకారం నిజమే, అది పెద్ద మొక్క. పెరట్లో మాత్రం చెట్టే. పద్యం పెరటిది.

అద్దంకి: అయితే నాదీ చూడండి.
మర్రి కొమ్మ నుండి మాపటి వేళలో
గబ్బిలమ్ము రెక్క విప్పె నంత
వేళ్ల నడుమ సాగు వింతయౌ పొరతోడ
చేయి లేని చెట్టు చేయి చాపె

నిర్వాహకుడు: ఊహ అన్నిటికన్నా గొప్పది. గబ్బిలాల వర్గం పేరు కైరోప్టెరా, గ్రీకులో చేయి, రెక్క కలిపిన మాట. మన చేతిలో 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. గబ్బిలం రెక్కలోనూ ఆ అమరికే, వేళ్లు మాత్రం బారుగా సాగి మధ్యలో పొర పరుచుకుంది. బొటనవేలొక్కటే పైకి గోరుతో మిగిలింది. కానీ తమ్ముడూ, రెండో పాదంలో యతి తప్పింది. "గ"కి "వి" కుదరదు. పైగా "విప్పె" అనగానే వాక్యం అక్కడే ఆగిపోయింది. ఇలా మార్చండి:
గబ్బిలమ్ము విప్ప గాలిలోన
వేళ్ల నడుమ సాగు వింతయౌ రెక్కను

సూళ్లూరుపేట: నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూడబాతు (పెలికాన్) దిగేటప్పుడు కాలి పొర విప్పుతుంది. దాన్ని చేయి అనొచ్చా?

నిర్వాహకుడు: బాతుకి ముందరి మూడు వేళ్ల మధ్యే పొర, గూడబాతుకి నాలుగు వేళ్లూ కలిపి ఉంటుంది. ఆ కాళ్లకి శాస్త్రం పెట్టిన పేర్లలో అరచేయి ఉన్న మాట నిజం. పద్యంలో కాలిని చేయి అంటే మాత్రం నేను ఒప్పుకోను.

కొత్తపట్నం:
కొత్తపట్న మందు కోడి కూసెడి వేళ
తాటి మొవ్వు మడత తడిని వీడి
వలలు మోసి వెళ్లు వారికి తోడుగా
చేయి లేని చెట్టు చేయి చాపె

నిర్వాహకుడు: దీనికి దిద్దాల్సిందేమీ లేదు. కొబ్బరాకు ఈకలా ఉంటుంది, తాటాకు అరచేయిలా విచ్చుకుంటుంది. లాటిన్‌లో అరచేతికీ ఈ జాతి చెట్టుకీ ఒకటే మాట, పల్మా. మొవ్వు మడతలో చెమ్మ మీరు కళ్లతో చూసిందేనని తెలుస్తోంది.

వచ్చే ఆదివారానికి: "కరము లేని దెట్లు కరి యనంగ".