ధవళేశ్వరం ఆనకట్ట వ్యాసం: ఒకే పేజీగా ఉంచాలా, విడగొట్టాలా?

పాలపిట్ట:
మన స్థానిక చరిత్ర సైటులో ధవళేశ్వరం ఆనకట్ట మీద ఉన్న వ్యాసం పెరిగి పెరిగి సుమారు ఏడు వేల పదాలకు చేరింది. 1833 నాటి డొక్కల కరువు, ఆర్థర్ కాటన్ ప్రతిపాదన, 1847లో మొదలై 1852లో ముగిసిన నిర్మాణం, ఆనకట్టలోని నాలుగు భాగాలైన ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం కట్టలు, మూడు డెల్టాల కాలువలు, పాత కట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ, 1986 ఆగస్టు వరద, ప్రమాద హెచ్చరికల నీటిమట్టాలు, ఇవన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. దీన్ని ఎనిమిది చిన్న పేజీలుగా విడగొడదామని నా ప్రతిపాదన. ఫోనులో ఇంత పొడవైన పేజీని చివరిదాకా చదివేవారు అరుదు; పైగా పేజీల సంఖ్య పెరిగితే గూగుల్‌లో మనం కనబడే అవకాశాలూ పెరుగుతాయి. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

కాలువగట్టు:
నేను ఈ ప్రతిపాదనతో ఏకీభవించలేను. ఫలానా పదాల సంఖ్య ఉంటేనే మంచిదన్న నియమం తమకు లేదని గూగుల్ తన మార్గదర్శకాలలోనే స్పష్టం చేసింది కాబట్టి, పొడవు ఎక్కువైందన్న ఒక్క కారణంతో వ్యాసాన్ని కోయనక్కరలేదు. కరువు వల్ల ఆనకట్ట ఆలోచన వచ్చింది, ఆనకట్ట వల్ల కాలువలు వచ్చాయి, కాలువల వల్ల డెల్టా రూపమే మారింది. ఈ వరుస తెగితే మిగిలేది విడివిడి సమాచారమే తప్ప చరిత్ర కాదు. ర్యాలి కట్టకు ప్రత్యేకంగా పేజీ పెడితే అందులో మూడు పేరాలకు మించి ఉండవు. వెతుకులాట నుంచి నేరుగా అక్కడికి వచ్చిన పాఠకుడికి కాటన్ ఎవరో, గోదావరి అక్కడ పాయలుగా ఎందుకు చీలిందో మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వస్తుంది. అలా ఎనిమిది చోట్ల అదే ఉపోద్ఘాతం రాస్తే, ‘ధవళేశ్వరం ఆనకట్ట’ అని వెతికినవారికి ఏ పేజీ చూపాలో తేలక మన పేజీలే ఒకదానితో ఒకటి పోటీ పడతాయి.

తుంగతీరం:
ఇద్దరూ పొడవు గురించే వాదిస్తున్నారు కానీ, నా దృష్టిలో తేల్చవలసింది వేరే ఉంది. ఏ భాగానికైతే తనదైన ప్రశ్నతో వచ్చే పాఠకుడు ఉన్నాడో ఆ భాగానికే సొంత పేజీ కావాలి. మిగిలినవన్నీ కలిసే ఉండాలి.

హెచ్చరికల మట్టాలనే తీసుకోండి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. జూలై, ఆగస్టు నెలలలో ఎగువన భద్రాచలం వద్ద గోదావరి పెరుగుతున్నదని వార్త రాగానే కోనసీమ లంక గ్రామాలలోని వారు ఫోను తీసి వెతికేది ఈ మూడు అంకెల కోసమే. అవి మన వ్యాసంలో ఎక్కడున్నాయి? బ్యారేజీ నిర్మాణ వివరాలన్నీ దాటిన తరువాత, ‘ఇతర విషయాలు’ అనే శీర్షిక కింద, ఒక పేరా నడుమ! ఇంటి ముందుకు నీరు వస్తున్న మనిషికి కాటన్ చరిత్రంతా దాటించి ఆ అంకె చూపించడం అన్యాయం. ఆ భాగానికి వెంటనే వేరే పేజీ పెట్టి, మొదటి వాక్యంలోనే మూడు అంకెలూ ఇవ్వాలి. సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చిన 1986 వరదనూ ఆ పేజీలోనే చేరిస్తే, మూడవ హెచ్చరిక దాటాక ఏమవుతుందో పాఠకుడికి అర్థమవుతుంది.

మిగిలినదంతా ఒకే పేజీగా ఉంచి శీర్షికలను మార్చాలి. ఇప్పుడున్న ‘నేపథ్యం’, ‘నిర్మాణం’, ‘ప్రభావం’ అనేవి ప్రపంచంలోని ఏ వ్యాసానికైనా సరిపోతాయి, అందుకే దేనికీ పనికిరావు. ‘నేపథ్యం’ బదులు ‘1833 డొక్కల కరువు తరువాత గోదావరి డెల్టా’ అని, ‘ప్రభావం’ బదులు ‘తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు ఎలా చేరుతుంది’ అని రాస్తే, పై విషయసూచిక చదివినవారికి వ్యాసం నడక తెలుస్తుంది, వెతుకు యంత్రానికీ ఏ భాగం దేని గురించో తెలుస్తుంది.

పేజీలో నేరుగా ఒక శీర్షిక దగ్గరికే తీసుకువెళ్లే లంకెల విషయంలో ఒక మాట. తెలుగులోని ప్రతి అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న యూనికోడ్‌లో విడివిడి సంకేతాలు. వెబ్ చిరునామాను కాపీ చేసినప్పుడు తరచు ఒక్కో సంకేతం తొమ్మిది రోమన్ గుర్తులుగా మారుతుంది. ‘ధవళేశ్వరం’ అన్న ఒక్క మాటే 81 గుర్తులవుతుంది. వాట్సాప్‌లో అలాంటి లంకెను చూసి నొక్కడానికి జంకేవారు ఉన్నారు. కనుక శీర్షిక తెలుగులోనే ఉంచి, దాని లంకె పేరును మాత్రం పొట్టిగా రోమన్ లిపిలో ఇవ్వడం మేలు.

రేవుపాట:
నేను తెర మీది మాటలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌తో చదువుతాను. అందులో హెచ్ మీట నొక్కితే ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు దూకవచ్చు కాబట్టి పొడవైన పేజీ నాకు కష్టం కాదు. అయితే మన వ్యాసంలో కొన్ని శీర్షికలు నిజమైన శీర్షికలు కావు, పెద్దవిగా బొద్దుగా చేసిన మామూలు వాక్యాలు. నాలుగు కట్టల పేర్లూ అలాగే ఉన్నాయి, అవి నాకు అసలు తగలవు. శీర్షికల వరుస తప్పినా తమకు ఇబ్బంది లేదని గూగుల్ అంటుంది కానీ, రెండవ స్థాయి నుంచి నాలుగవ స్థాయికి దూకితే మధ్యలో ఏదో వదిలేశానేమోనని నేను వెనక్కి వెళ్లి వెతుక్కోవలసి వస్తుంది. విడగొట్టినా, కలిపి ఉంచినా దయచేసి దీన్ని సరిచేయండి.

పాలపిట్ట:
రేవుపాట గారు చెప్పినది ఈ వారంలోనే సరిచేస్తాను. ఎనిమిది పేజీల ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నాను. హెచ్చరికలకు, వరదకు కలిపి ఒక పేజీ, చరిత్రకు ఒక పేజీ ఉంటే చాలని నాకూ అనిపిస్తోంది. కానీ వరద భాగానికి నేరుగా తీసుకువెళ్లే పాత లంకెను ఇప్పటికే ఎందరో పంచుకున్నారు. వారిని సర్వర్ ద్వారా కొత్త పేజీకి మళ్లించవచ్చా?

తుంగతీరం:
మళ్లించలేము. అలాంటి లంకెలో శీర్షిక పేరు హాష్ గుర్తు (#) తరువాత ఉంటుంది; ఆ భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు, అందువల్ల పాఠకుడు ఏ శీర్షిక కోసం వచ్చాడో సర్వర్‌కు తెలియదు. పాత లంకె పేరును మార్చకుండా ఆ శీర్షికను అక్కడే ఉంచండి. దాని కింద మూడు మట్టాలూ ఒక్క వాక్యంలో ఇచ్చి, కొత్త పేజీకి లంకె పెట్టండి. వర్షాకాలం మొదలయ్యేలోగా ఈ పని పూర్తిచేయాలని నా కోరిక.