ఏఐ బొమ్మకి ముద్ర తప్పనిసరి చెయ్యాలా?

గోడమీదపిల్లి:
ఏఐతో చేసిన బొమ్మకైనా, వీడియోకైనా, గొంతుకైనా "ఇది ఏఐ" అని ముద్ర ఉండాల్సిందేనని చట్టాలు వస్తున్నాయి. ఐరోపా యూనియన్ 2024లో తెచ్చిన ఏఐ చట్టంలో 50వ అధికరణ ఇదే. చైనా నిబంధనలు 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇది పనికొచ్చేదేనా, కంటితుడుపా?

తూకంరాయి:
పనికొస్తుంది. కాకపోతే ముద్ర అంటే ఒకటే రకం అనుకోకండి. ఒకటి కంటికి కనిపించే రాత. రెండోది ఫైలు లోపలి మెటాడేటా: సీటూపీఏ పద్ధతిలో ఏ పరికరం చేసింది, తర్వాత ఏం మార్చారు అన్న చిట్టా రాసి డిజిటల్ సంతకంతో బొమ్మకి ముడేస్తారు. చిట్టా దాటి బొమ్మ మారితే ముడి ఊడిందని తెలిసిపోతుంది. మూడోది పిక్సెళ్ళలోనే కలిపేసే వాటర్‌మార్క్, గూగుల్ సింథ్‌ఐడీ లాంటిది. కంటికి ఆనదు, డిటెక్టర్‌కి ఆనుతుంది. కాస్త కత్తిరించినా, జేపెగ్‌గా కుదించినా చాలామటుకు నిలుస్తుంది. చైనా కనిపించేదీ కావాలంది, ఫైల్లో దాగేదీ కావాలంది. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని.

మొండిఘటం:
స్క్రీన్‌షాట్ తీస్తే? మెటాడేటా అంతా గోవిందా.

తూకంరాయి:
మెటాడేటా పోతుంది. పిక్సెళ్ళలో ఉన్నది చాలాసార్లు బతుకుతుంది. పైన చెప్పిందే.

మొండిఘటం:
"చాలాసార్లు" అన్న మాట మీద చట్టం నిలబడదండీ. 2022లో ఎవరైనా దించుకోగల బొమ్మల ఏఐ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్ విడుదలైనప్పుడు వాటర్‌మార్క్ వేసే పని స్క్రిప్ట్‌లో ఒక్క లైనుది. ఆ లైను తీసేస్తే ముద్ర లేదు. మోడల్ దించుకుని సొంత కంప్యూటర్లో నడిపేవాణ్ణి మీ చట్టం ఏం చేస్తుంది?
టెక్స్ట్ సంగతి ఇంకా అన్యాయం. మోడల్ తర్వాతి పదం ఎంచుకునేటప్పుడు రహస్య తాళంతో కొన్ని పదాల వైపు మొగ్గు పెడతారు, ఆ మొగ్గునే తర్వాత లెక్కగట్టి పట్టుకుంటారు. పొడుగు వ్యాసమైతే దొరుకుతుంది. "ఫ్రాన్స్ రాజధాని ఏది" అంటే పారిస్ తప్ప ఇంకో పదం లేదు, మొగ్గు ఎక్కడ పెడతారు? ఇంగ్లీషులో రాయించి తెలుగులోకి మార్పిస్తే ఆ కాస్తా కడిగేసినట్టే.

చిల్లుకుండ:
ఈ స్క్రీన్‌షాట్ పంచాయితీ తెల్లారినా తెగేట్టు లేదు.

తూకంరాయి:
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? సొంతంగా మోడల్ నడుపుకునే ఓపిక అందరికీ ఉండదు. సర్వర్ మీద నడిచే సర్వీసులో తీసెయ్యడానికి ఆ లైను వాడేవాడి చేతికే రాదు. ఐరోపాలో ఈ బాధ్యత తప్పిన కంపెనీకి జరిమానా కోటిన్నర యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 3 శాతం దాకా, ఏది ఎక్కువైతే అది. ముద్ర లేకుండా తప్పించుకున్నవాటికి డిటెక్టర్లున్నాయి.

మొండిఘటం:
డిటెక్టర్లా! చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో ఒకటి పెట్టింది. వాళ్ళ సొంత లెక్కే చూడండి: ఏఐ రాసినవాటిలో పట్టింది 26 శాతం, మనుషులు రాసినవాటిని ఏఐ అన్నది 9 శాతం. జులైలో ఎత్తేశారు. 1000 వ్యాసాల్లో 100 ఏఐవి అనుకోండి. దొరికేవి 26. మిగతా 900లో నింద పడేవి 81. మొత్తం 107 వ్యాసాల మీద వేలు చూపిస్తే అందులో 81 మనుషులవే.

తూకంరాయి:
అది ఉత్త టెక్స్ట్, అదీ 2023 నాటిది. నేను మాట్లాడేది బొమ్మల గురించి. ప్రతి చర్చలో ఇంతే మీరు, ఓ దారప్పోగు పట్టుకుని చీరంతా లాగుతారు.

మొండిఘటం:
బొమ్మలే కావాలా? తీసుకోండి. 2024లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా "మేడ్ విత్ ఏఐ" అని ముద్ర వెయ్యడం మొదలెట్టింది. కెమెరాతో తీసిన ఫొటోలో ఓ మచ్చ చెరిపినా పడింది, ఎందుకంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మెటాడేటాలో ఆ గుర్తు వదిలింది. ఫొటోగ్రాఫర్లు గోల పెడితే జులైలో "ఏఐ ఇన్ఫో" అని పేరు మార్చారు. మొదట్నుంచీ నేననేది ఇదే.

చిల్లుకుండ:
మొదట్నుంచీ స్క్రీన్‌షాట్ అన్నారు కదండీ.

గోడమీదపిల్లి:
మొండిఘటం గారూ, ఓసారి ముద్ర ఊడిపోతుందంటారు, ఓసారి పడకూడని చోట పడుతుందంటారు. అసలు మీ బాధ ఏది?

మొండిఘటం:
రెండోది. సరే, స్క్రీన్‌షాట్ వదిలేద్దాం. ముద్ర ఉంటే ఏఐ అని జనానికి అలవాటు చేస్తే, ముద్ర లేనిదల్లా నిజమని కూడా అలవాటవుతుంది. దానికి విరుగుడుగా "నిజమైన ఫొటోకే సంతకం పెడదాం" అంటారు. అప్పుడు లాఠీ దెబ్బల్ని పాత ఫోన్‌లో తీసినవాడి దగ్గర సంతకం ఉండదు. కొట్టినవాడు "ఇది ఏఐ" అంటే చాలు, రుజువు చేసే బరువు తీసినవాడి నెత్తిన పడుతుంది. చైనా నిబంధనల్లో మెటాడేటా లేకపోయినా, పెట్టినవాడు ఒప్పుకోకపోయినా, ఆనవాళ్ళు కనిపిస్తే చాలు, "అనుమానం" అని ఆ సోషల్ మీడియా వేదిక ముద్ర వెయ్యాలి. ఆ అనుమానపడేది ఇందాకటి డిటెక్టర్ లాంటిదే.

కెమెరాసంచి:
సంతకమూ అంత గట్టిదేం కాదు. 2025లో నికాన్ జెడ్ 6 త్రీ కెమెరాలో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ (ఒక బొమ్మ మీద ఇంకోటి కలిపే సౌకర్యం) దారిన బయటి బొమ్మని దూర్చి, కెమెరా చేతే సంతకం పెట్టించొచ్చని తేలింది. ఆ సంతకాలకి ఆధారంగా ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ కంపెనీ రద్దు చేసింది. నిజంగా తీసిన ఫొటోల సంతకాలకీ దాంతోపాటే దెబ్బ.

తూకంరాయి:
మొండిఘటం గారూ, ఇదేదో మొదటి రోజే చెప్పుంటే సగం గొడవ తప్పేది. ఇక్కడ మనం నిజంగానే కలవం. నిజాన్ని అబద్ధమనడం కన్నా అబద్ధం నిజంగా చలామణీ కావడమే పెద్ద హాని అని నా లెక్క. గొంతు అనుకరించి డబ్బు గుంజడం, ముఖం అతికించిన అశ్లీల వీడియోలు, ఇవన్నీ ఎటు పోతాయి?

మొండిఘటం:
ఆ వీడియో మూల "ఏఐ" అని రాస్తే ఆమెకి ఒరిగేదేంటి? అక్కడ కావాల్సింది తీసెయ్యడం, ముద్ర కాదు.

తూకంరాయి:
దానికి ఒప్పుకున్నా. గొంతు విషయంలో ఒప్పుకోను.

కెమెరాసంచి:
మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. అంతకు పైన దాచిన ముద్ర ఏదైనా దారిలోనే రాలిపోతుంది.

తూకంరాయి:
అందుకే శబ్దంలో దాచడం కాదు, కాల్ మొదట్లో మెషీన్ నోటితోనే చెప్పించాలి. 50వ అధికరణ మొదటి క్లాజు అడిగేది అదే: మనిషితో మాట్లాడేది ఏఐ అయితే ఆ సంగతి మనిషికి తెలియాలి.

మొండిఘటం:
మోసగాడు చెప్పిస్తాడా?

తూకంరాయి:
చెప్పించడు. చెప్పకుండా మాట్లాడే సర్వీసు వాడికి అమ్మిన కంపెనీకి మాత్రం అడ్రసుంటుంది.